కొర్లయ్య జీపు మూతికి ఏం కట్టాలి

నాకు కోపం ఎక్కువని అనకాపల్లి బైపాసు మీద అందరికీ తెలుసు. తెలిసి కూడా నా వెల్డింగు షాపుకే వస్తారు, ఎందుకంటే నేను వేసిన అతుకు ఊడదు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఎంతోమంది మొండివాళ్ళని చూశాను గానీ, పూడిమడక కొర్లయ్య నా నెత్తిన ఎక్కినట్టు మరొకడు ఎక్కలేదు.

కొర్లయ్యకి అరవై దాటాయి. నలభై ఏళ్ళు సముద్రం మీద పడవ నడిపాడు. ఆ నలభై ఏళ్ళలో అతని పడవ ఒక్క రాయికి గానీ, పక్క పడవకి గానీ తగల్లేదని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడాది కిందట మోకాళ్ళ నొప్పులని చెప్పి వేట మానేసి, ఇసకలో దిగబడకుండా నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటి కొన్నాడు. పడవలు ఒడ్డుకి రాగానే చేపల్ని అక్కడికక్కడే ఎక్కించుకుని, భార్య ఎరుకమ్మతో సహా అనకాపల్లి చేపల బజారులో దింపడం అతని పని. పని మంచిదే. నీళ్ళ మీద దేనికీ తగలని ఆ మహానుభావుడు నేల మీదకి వచ్చాక తగలని వస్తువు మాత్రం లేదు.

మొదట గేదెకి తగిలాడు. తరవాత చెరుకు ట్రాక్టరు తొట్టికి. మూడోసారి పంచాయతీ కుళాయి దిమ్మకి. గేదె అడ్డం వచ్చిందంటే నమ్మొచ్చు, సిమెంటు దిమ్మ ఎలా అడ్డం వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. మూడుసార్లూ రేడియేటర్ పగిలింది. మూడుసార్లూ ఐసు కరిగిపోయి, ఎరుకమ్మ బజారుకి చేరేసరికి పది దాటింది. ఆమె దగ్గర ఏళ్ళ తరబడి కొనేవాళ్ళు పక్కనే చేపలమ్మే గట్టు మీది చిన్నమ్మలు అనే ఆవిడ దగ్గర వంజరం చేపలు కొనుక్కుని వెళ్ళిపోయారు.

మూడోసారి ఎరుకమ్మే స్వయంగా మొగుణ్ణి నా షాపుకి లాక్కొచ్చింది.

"తమ్ముడా, నీ ఎదరే సెప్తన్నాను. ఇంకొక్కపాలి రేడియేటర్ పగిలిందంటే జీపు అమ్మేత్తాను. నేను ఆటోలో ఎల్లిపోతాను. ఈయన ఇంటికాడ కూకుని, ఎండేసిన సేపల మీద కాకుల్ని తోలుకుంటాడు" అంది.

కొర్లయ్య తల దించుకున్నాడు. వేట లేదు, ఇక జీపు కూడా పోతే అతనికి మిగిలేది ఆ కాకులే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఎరుకమ్మ వెళ్ళాక నా దగ్గరికి జరిగి, "అప్పలరాజు బావా, పెద్దోళ్ళ కార్లకి ఎదర ఇనప గార్డు ఉంటాది సూడు, అలాటిది బిగించు. ఏనుగు గుద్దినా వంగకూడదు" అన్నాడు.

"పూడిమడక రోడ్డు మీద ఏనుగులెక్కడున్నాయి బావా?" అన్నాను.

ఆ గార్డులు నేను మానేసి చాలా కాలమైంది. ఒకటి, చట్టం ఒప్పుకోదు. రెండు, దెబ్బ గార్డు తినదు, తిన్నగా ఛాసిస్‌కి పంపిస్తుంది. మూడు, అంత బరువు మూతి మీద పెడితే ఇసకలో ముందు చక్రాలు దిగబడతాయి. ఇవన్నీ అటుంచు, రేపు గేదె బదులు మనిషి తగిలితే ఆ ఇనుము ముందు మనిషి మిగలడు. ఇదంతా ఓపిగ్గా, అంటే నాకున్నంత ఓపిగ్గా చెప్పాను. చెయ్యనంటే చెయ్యనన్నాను. అతను అలిగి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు ఊరుకున్నాడా? పడవలు ఒకదానికొకటి రాసుకోకుండా పక్కన పాత టైర్లు వేలాడదీస్తారు కదా, అలాంటివి నాలుగు తెచ్చి జీపు ముందు తాళ్ళతో కట్టాడు. అవి ఊగుతున్నాయని వాటి మీద పాత వల చుట్టాడు. బేస్తవారం నాడు దారిలో ఎవరి దండెం మీది చీరో ఆ వలకి తగులుకుంది. ఎర్రంచు చీర రెపరెపలాడించుకుంటూ జీపు చేపల బజారులోకి వచ్చేసరికి, ఏదో పార్టీ ఊరేగింపనుకుని బేరాలాగిపోయాయి. ఆ చీర ఎవరిదో కనుక్కుని, ఉతికి, కిలో చేపలతో సహా ఇచ్చి రావడానికి ఎరుకమ్మకి రెండు రోజులు పట్టింది. శుక్రవారం సబ్బవరం బేరానికి వెళ్తుంటే, టైర్ల అడ్డానికి గాలి ఆడక ఇంజను కుతకుతలాడి ఆగిపోయింది. రేడియేటర్ పగల్లేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదని ఎరుకమ్మతో వాదించాడట. ఆవిడ ఏమందో నాకు చెప్పలేదు.

మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. సిగ్గు లేకుండా నవ్వుతూ వచ్చాడు, అందుకే తిట్టలేకపోయాను. టైర్లు పీకించి, బంపరు లోపల రేడియేటర్ ముందు గట్టి జాలీ పెట్టాను. రాళ్ళు తగలకుండా కింద పలచని రేకు బిగించాను. గాలి ఆడుతుంది, బరువు లేదు, పోలీసులూ అడగరు. ఎలా ఉందో చూద్దామని అతని పక్కన కూర్చుని అచ్యుతాపురం రోడ్డు మీదకి తీసుకెళ్ళమన్నాను. నా బుద్ధి గడ్డి తిని ఆ పని చేశాను.

మధ్యాహ్నం మూడు గంటలు. రోడ్డు ఖాళీ. దూరంగా చెరుకు తోటలోంచి ఒక గేదె తాపీగా రోడ్డెక్కింది. అంత పెద్ద గేదె, అంత వెలుతురు, చూడకుండా ఎలా ఉంటాడని నేను ఊరుకున్నాను. దగ్గరికొస్తోంది. జీపు నెమ్మదించడం లేదు. ఏమైందీ మనిషికని పక్కకి తిరిగితే, కొర్లయ్య రోడ్డు చూడటం లేదు. నా మోకాలి మీదున్న నా చేతిని చూస్తున్నాడు.

హ్యాండ్‌బ్రేకు నేనే లాగాను. జీపు గిర్రున తిరిగి చెరుకు తోట గట్టెక్కి ఆగింది. గేదె మమ్మల్ని చూసి, దాని దారిన అది పోయింది. నేను కొర్లయ్య మీదకి తిరిగాను.

"ఏటి బావా, రోడ్డు మానేసి నా సెయ్యి సూత్తావేటి?"

"నువ్వు ఎత్తలేదు గదా" అన్నాడు కొర్లయ్య. నా మీదే నేరం పెడుతున్నట్టు అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటీ బయటపడింది. పడవలో చుక్కాని పట్టేవాడు వెనక కూర్చుంటాడు. ముందంతా వలలు, మనుషులు. అతనికి నీళ్ళు సరిగ్గా కనపడవు. పడవ ముక్కు దగ్గర ఒకడు నిలబడి చెయ్యి చూపిస్తాడు. ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమకి, కుడి చెయ్యి ఎత్తితే కుడికి, రెండూ ఎత్తితే ఇంజను కట్టెయ్యాలి. నలభై ఏళ్ళు కొర్లయ్య చూసింది సముద్రాన్ని కాదు, ముందు నిలబడ్డ మనిషి చేతుల్ని.

"మరి లైసెన్సు ఎలాగిచ్చేరు నీకు?"

"ఆ ఆపీసరు బాబు పక్కన కూకుని సేత్తో సూపిత్తా ఉన్నాడు. ఇటెల్లు, అటెల్లు అని. సక్కగా తోలేను" అన్నాడు.

నవ్వాలో తన్నాలో తెలియలేదు. "పడవలో ఆ ముందు నిలబడేవోడెవరు?" అని అడిగాను.

"పరదేశి" అన్నాడు. పరదేశి ఎరుకమ్మ అన్న. కిందటేడు కామెర్లతో పోయాడు. "మోకాళ్ళ నొప్పులని అందరికీ సెప్పేను గానీ, నొప్పులేటీ లేవు బావా. ఆడు పోయేక పడవెక్కితే ఎదరంతా కాళీ. నా వల్ల కాలేదు" అంటూ స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చాడు. ఏడిచేవాళ్ళని ఎలా ఊరుకోబెట్టాలో నాకు చేతకాదు. జీపు దిగి, జాలీకి ఏమైనా అయిందేమో చూస్తూ నిలబడ్డాను. దానికేమీ కాలేదు.

తరవాత జీపు నేను నడిపి, తిన్నగా చేపల బజారుకి వెళ్ళాను. ఎరుకమ్మ గట్టు కడుగుతోంది. జరిగిందంతా కొర్లయ్య చెబితే ముందు కస్సుమంది.

"అయితే ఇన్నాళ్ళూ నన్నూ సేపల్నీ ఎనకేసుకుని, రోడ్డు సూడకుండా తోలేవా?"

"ఎనక కూకుంటే నీ సెయ్యి కనపడదు గదే. పక్క సీట్లో ఎవులూ లేకపోయినా కళ్ళు అటే పోతన్నాయి. మీయన్న సేతులకి అలవాటైపోనాను" అన్నాడు అతను.

ఎరుకమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. అన్న గురించి మొగుడు ఈ ఏడాదిలో ఒక్క మాట ఎత్తలేదని, తనకే తప్ప ఎవరికీ బాధ లేదనుకున్నానని నాతో అంది, అతనితో కాదు. కళ్ళు తుడుచుకుంది. ఐసు పెట్టెల మూతలు జారిపోతాయని ఎప్పుడూ వెనకే కూర్చునే మనిషి, వచ్చి ముందు సీట్లోకెక్కింది.

"అక్కా, సెయ్యి ఒళ్ళో పెట్టుకోకు, అద్దం కాడికి సాపు. అప్పుడైతే ఈ మనిషి సచ్చినట్టు ఎదరకే సూత్తాడు" అన్నాను.

కొర్లయ్య ఇంజను పెట్టాడు. బజారు మొగలో ఒక ఆవు, దాని వెనక ఆటో. ఎరుకమ్మ రెండు చేతులూ గాజులతో సహా అద్దం ముందుకి ఎత్తింది. జీపు ఆవుకి రెండు బారల దూరంలో, కుదుపు లేకుండా ఆగింది.

"మా అన్న ఇలాగే ఎత్తీవోడా?" అని అడిగింది.

"ఇంకొంచెం పైకి" అన్నాడు కొర్లయ్య.

ఆమె ఇంకొంచెం పైకి ఎత్తింది.