ఒంగోలు ఆసుపత్రి వరండాలో నేనన్న మాట

పొద్దున్న అయిదు నలభైకి గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, ఎల్సా గారూ నేనూ. ఆవిడ డెన్మార్కు దేశంలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు, వయసు అరవై దాటింది. మన పల్లెల్లో మూడు రోజులు తిరిగి, రోగులను పలకరించి, ప్రభువు మాట చెప్పాలని అంత దూరం నుంచి వచ్చారు. ఆవిడకు తెలుగు ముక్క రాదు. నేను బడి మొహం చూడకపోయినా, మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి బైబిలు చదివిస్తూ నాకు ఇంగ్లీషు నేర్పారు. అందుకని ఆవిడ మాటలు తెలుగులో చెప్పడానికి వెళ్ళమని మా పాస్టరుగారు నన్నడిగారు. ఆ చదువుకు దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో లెక్కలేదు. దాన్ని నేనెలా వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర, పత్తి పోయిన ఏడు అది. ఆరూ నలభైకి చిలకలూరిపేటలో బస్సు పది నిమిషాలు ఆగితే ఇడ్లీ పొట్లాలు తెచ్చుకున్నాం. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి తిరిగేసరికి బస్సంతా దగ్గు. ఎల్సా గారు వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మారు.

"దొరసానమ్మకి మన మర్యాదలు మొదలయ్యాయి, అద్దాలు వేసుకోండి!" అన్నాడు కండక్టరు.

మా ముందు సీటులో తువ్వాలు భుజాన వేసుకున్న పెద్దాయన వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, మమ్మల్ని మీలో కలుపుకోడానికేనా ఈమెను తెచ్చింది?"

"పిలవడానికండి. రావడం మీ ఇష్టం."

"ముందు మీ దేవుణ్ణి ఆ పచ్చపురుగు సంగతి చూడమనండి. ఎన్ని మందులు కొట్టినా అది చావట్లా. అదే మందు తాగి మేం చస్తన్నాం." ఆయనొక్కడే నవ్వాడు.

ఆయన ఏమన్నాడని ఎల్సా గారు అడిగితే, పంట గురించి చెబుతున్నాడన్నాను.

తొమ్మిదిన్నరకు ఒంగోలు చేరాం. సంఘం వాళ్ళ గదిలో సామాను పెట్టి, పది గంటలకు ఆసుపత్రికి వెళ్ళాం. మగవాళ్ళ వార్డు వరండాలో గోడకు ఆనుకుని ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకామె కూర్చుని ఉంది. పేరు అంజమ్మ. మిరపకాయ కోసి కోసి ఆమె వేళ్ళు మంటతో ఉబ్బి ఉన్నాయి. భర్త సుబ్బారావు పత్తికి కొట్టే మందు తాగాడు. ఆ రోజుకు మూడో రోజు.

"ఇయ్యాల కళ్ళు తెరిచాడక్కా. నన్ను తిట్టాడు కూడా," అంది, ఎంతో సంతోషంగా.

ఎల్సా గారు కింద ఆమె పక్కనే కూర్చున్నారు. ఏ మందు, ఎప్పుడు తాగాడు అన్నీ నాచేత అడిగించారు. ఆ తర్వాత నెమ్మదిగా, నాకు ప్రతి మాటా తెలిసేటట్టు చెప్పారు. "ఈ విషం మోసం చేస్తుంది. తేరుకున్నట్టే ఉండి నాలుగో రోజున ఊపిరి ఆగిపోవచ్చు. అతను బతుకుతాడో లేదో నాకు తెలియదు. ఈమె పక్కన కూర్చుని దేవుణ్ణి అడుగుతాను. అతనికి తల్లి గానీ తండ్రి గానీ ఉంటే ఇవాళే పిలిపించమని చెప్పు."

నేను అంజమ్మ మొహం చూశాను. మన ఆసుపత్రుల్లో అలాంటి మాట ఎవరూ అనరు. టీ అమ్మేవాడు, పక్క మంచం వాళ్ళు, ఊడ్చే ఆయమ్మ, ఎవరైనా అనేది ఒకటే: ఏం కాదులే, తగ్గిపోద్ది. రోగి దగ్గర చావు ఊసెత్తితే చావును పిలిచినట్టే అనుకుంటాం. నా నోటికీ ఆ అలవాటు మాటే వచ్చింది. వచ్చినదాన్ని అక్కడితో ఆపలేదు.

"ఏం కాదమ్మా. లేచి కూర్చుంటాడు. దేవుడు బతికిస్తాడు."

"ఈమె చెప్పిందా ఆ మాట?"

"చెప్పింది."

అంజమ్మ రెండు చేతులూ ఎత్తి ఎల్సా గారికి దణ్ణం పెట్టింది. "మా అత్త పదకొండింటి బస్సుకి బయల్దేరతానంది. మోకాళ్ళ నొప్పుల మనిషి. రావద్దని చెప్పేస్తా. ఎల్లుండి మేమే ఇంటికి పోతాంగా," అంటూ గేటు ఎదురుగా ఉన్న ఫోను బూతుకు పరుగెత్తింది.

ఎక్కడికి వెళ్ళిందని ఎల్సా గారు అడిగారు. ఇంటికి ఫోను చెయ్యడానికన్నాను. ఆవిడ తృప్తిగా తలూపి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అంజమ్మ నడకలో వచ్చిన చురుకు చూసి నేనూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నిజంగానే చెప్పుకున్నాను.

మర్నాడు ఏడు గంటల బస్సులో పొదిలి వెళ్ళాం. దారంతా ఎండిన చేలు. ఆ చుట్టుపక్కల మూడు పల్లెలు తిరిగాం. మేకలు కాచుకునే ఒక ముసలమ్మ మాకు మజ్జిగ పోసి, తన కూతురి కాన్పు గురించి ప్రార్థన చెయ్యమంది. రాత్రి అక్కడి పంతులమ్మగారింట్లో పడుకున్నాం. చారూ అప్పడాలతో కడుపునిండా పెట్టిన ఆ తల్లిని దేవుడు దీవించాలి.

మూడో రోజు పదకొండున్నరకు మళ్ళీ ఒంగోలు చేరాం. ఎల్సా గారు సుబ్బారావు కోసం బత్తాయిలు కొన్నారు. అతని మంచం మీద ఇంకెవరో పిల్లవాడు ఉన్నాడు.

"పత్తి మందు ఆయనా? నిన్న తెల్లారగట్ట పోయాడమ్మా," అంది ఆయమ్మ. "ఊపిరందలా. అమ్మా అమ్మా అని ఒకటే కలవరింత. ఆ ముసలామె వచ్చేసరికి పదైంది. శవాల గదిలో చూపించారు."

ఎల్సా గారికి చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "తల్లిని పిలిపించమని నువ్వు చెప్పావు కదా?"

చెప్పలేదన్నాను. ఏం చెప్పానో అంతా చెప్పాను. ఆవిడ బల్ల మీద కూర్చుని బత్తాయిల సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్క మాట కోప్పడలేదు. చివరికి, "వాళ్ళ ఊరికి బస్సు ఎన్నింటికి?" అన్నారు.

ఆయమ్మ దగ్గర ఊరి పేరు కనుక్కుని ఒంటిగంట బస్సెక్కాం. మేదరమెట్ల దాటాక అడ్డరోడ్డులో దిగితే అక్కడి నుంచి ఆటో. పీకకుండా వదిలేసిన పత్తికట్టె చేలో నల్లగా నిలబడి ఉంది. ఇల్లు అడగనక్కర్లేకపోయింది. వాకిట్లో జనం కూర్చుని ఉన్నారు.

అంజమ్మ మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. అత్త అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉంది.

"బతుకుతాడంది నువ్వేనా?" అంది.

"నేనేనండి. ఈమె అలా అనలేదు. మిమ్మల్ని పిలిపించమంది. నేనే మార్చి చెప్పాను."

వాకిట్లో ఒకాయన లేచాడు. "ఎంత ధైర్యంగా వచ్చి చెప్తందో చూడు!" అత్త చేత్తో ఆయన్ని కూర్చోమంది.

"బస్సు చెయ్యెత్తితే ఆగింది," అంది ఆమె నాతో. "కొట్టు శేషయ్య వెనకమాలే పరిగెత్తుకొచ్చాడు, ఫోనొచ్చింది, నువ్వు పోనక్కర్లేదంట అని. మెట్టు మీదనించి కాలు దించా."

"పోన్లే అత్తా," అంది అంజమ్మ గోడకేసి చూస్తూనే. "ఈమె కాకపోతే ఇంకోళ్ళు అనేవాళ్ళు. అక్కడ అందరూ అదే అన్నారు."

"అందరూ అంటార్లే. ఊరికే అన్నమాటైతే నేను బస్సెక్కి ఉండేదాన్ని. దేవుడి పేరు చెప్పారని దిగా."

ఎల్సా గారు నా మొహంలోకి చూశారు. ఈసారి ఒక్క మాట తగ్గించకుండా అంతా చెప్పాను. ఆవిడ వెళ్ళి అరుగు కింద మట్టిలో కూర్చున్నారు. ప్రార్థన చేద్దామని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. గంటసేపు అలాగే కూర్చున్నాం. ఆ ముసలి తల్లి ఒకసారి, "నీళ్ళడిగాడా వాడు?" అని కోడల్ని అడిగింది. "అడిగాడు, ఇచ్చా," అంది అంజమ్మ. కాసేపటికి మళ్ళీ అదే అడిగింది.

చావింట్లో వెళ్ళొస్తామని చెప్పరు గనుక ఊరకే లేచాం. అప్పుడు ఆమె నన్ను పిలిచింది. "ఇంకో తల్లితో అంటావా ఆ మాట?"

"అననండి."

"అనబాక."

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు.

అడ్డరోడ్డులో నాలుగున్నరకు గుంటూరు బస్సు దొరికింది. మార్టూరు దాకా నిలబడే ఉన్నాం. సీట్లు దొరికాక ఎల్సా గారు నా చెయ్యి పట్టుకున్నారు. కిటికీలోంచి కళ్ళాల్లో కాయ పోగులు చేసి పట్టాలు కప్పేవాళ్ళు కనిపించారు. నన్ను ఒంటరిగా ఆ ఇంటికి పంపకుండా ఆవిడ వెంట వచ్చినందుకు, ఆ తల్లి నన్ను వాకిట్లోంచి గెంటించకుండా జరిగింది జరిగినట్టు నాతో చెప్పినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అంతకుమించి ఏమీ అడగడానికి నోరు రాలేదు.

మన సంఘాల నుంచి ఆ దారిన పరిచర్యకు వెళ్ళేవాళ్ళుంటారు. గుంటూరు నుంచి ఒంగోలుకు పొద్దున బస్సులు బాగానే ఉన్నాయి. తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. ఆసుపత్రి వరండాల్లో మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, మావాడు బతుకుతాడా అని. చేతిలో బైబిలు ఉంది గనుక అడుగుతారు. తెలియదని చెప్పి, పక్కన కూర్చోండి. అయినవాళ్ళను పిలిపించమనండి. బస్సు ఎన్నింటికో కనుక్కుని చెప్పండి.