మొదటి చప్పట్లు

పాతబస్తీలో టెంట్ హౌస్ నడిపే హమ్మాద్ భాయ్, దావతైనా ధర్నా అయినా షామియానా వేసి, మైకు పెట్టి, ఓ మూల స్టూలు మీద కూర్చుంటాడు. పెళ్లిళ్లు లేని నెలల్లో ధర్నాలే ఆయన కడుపు నింపేది. ఎవరేం మాట్లాడినా వినడు; మైకు కీచుమనకపోతే చాలు. గొంతు ఆగగానే పాన్‌ను బుగ్గ మార్చి తనే మొదట చప్పట్లు కొడతాడు. జనం అందుకుంటారు. మొన్న పక్క మున్సిపాలిటీ మీటింగులో మైకు చెడిపోతే ఆయన్నే పిలిచారు. గేటు బయట నల్లా నీళ్ల కోసం ధర్నాకు కూర్చున్న ఆడవాళ్ల మీది షామియానా కూడా ఆయనదే. లోపల చైర్మన్ తీర్మానం చదివాడు: ఆఫీసు ముందు ఇకపై టెంట్లు, మైకులు, ధర్నాలు బంద్. కౌన్సిలర్ల చేతులు లేచాయి. చైర్మన్ గొంతు ఆగింది. హమ్మాద్ భాయ్ చప్పట్లు కొట్టాడు. కౌన్సిలర్లు అందుకున్నారు.

"షుక్రియా భాయ్. పోతూ పోతూ బయట నీ టెంట్ ఇప్పుకపో" అన్నాడు చైర్మన్.

"ఎందుకు సాబ్?"

"ఎందుకంటవేంది? అందరికంటె ముందు చప్పట్లు కొట్టింది నువ్వే గద."

హమ్మాద్ భాయ్ నోట్లో పాన్ మొత్తం మింగేశాడు. బయటికొచ్చి గుంజకు కట్టిన తాడు విప్పుతుంటే, నీడలో కూర్చున్న చంద్రమ్మ వెలిగిపోతున్న మొహంతో అడిగింది.

"నల్లాలిస్తమన్నరా భాయ్? లోపట చప్పట్లు ఇనొస్తే మేం గూడ కొట్టినం."