వెనక సీట్లో నీళ్ల చెంబు

మీ కారు వెనక సీట్లో మీరు ఎప్పుడైనా కూర్చున్నారా? ఇంటి ముందు నిలబెట్టిన కారులో కాదు. గుంతల రోడ్డు మీద వేరేవాళ్లు నడుపుతుంటే, మీ ఇంట్లోవాళ్లు రోజూ కూర్చునే చోట, కనీసం పది కిలోమీటర్లు కూర్చున్నారా? నేను నాలుగేళ్లు నా కారు నడిపాను. ఒక్కసారి కూడా ఆ చోట కూర్చోలేదు. మనిషి తన కళ్లతో చూడనిది నమ్మకూడదని ఊరూరా చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి, నా వీపు వెనక రెండడుగుల దూరంలో ఏం జరుగుతోందో చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. మేం గద్వాలలో ఉండేవాళ్లం. నా భార్య అమరచింతలో లెక్కల టీచరు. జూరాల డ్యాం మీదుగా రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. ఒకరోజు బస్సు వెనక సీట్లో ఎగిరిపడి, ఇంటికొచ్చి కుర్చీలోంచి లేవలేకపోయింది. వనపర్తి డాక్టరు ఫొటోలు తీయించి, నడుము దగ్గర డిస్కు పక్కకు జరిగిందన్నాడు. రెండు నెలలు పడుకోమన్నాడు. తర్వాత కూడా బస్సు వద్దు, ఆటో అసలే వద్దు, మెత్తగా పోయే బండి ఉంటే సరే, లేకపోతే ఉద్యోగం మానుకోమన్నాడు.

ఆమెకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. "నల్లబల్ల ముందర నిలబడకపోతే నేనేం చేస్త ఇంట్ల? నీ ఉపన్యాసాలు వినుకుంట కూసోవాల్నా?" అంది ఆ రోజు దారిలో. నవ్వుతూనే అంది. కాని ఇల్లు చేరేదాకా కిటికీ బయటికే చూసింది.

మాది పూలదండల పెళ్లి. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు. ఆ వేదిక మీదే ఒకరినొకరు 'నువ్వు' అనుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. ఆమె ఉద్యోగం నాకు రెండో ఆదాయం కాదు, ఆమెలో సగం మనిషి అందులో ఉంది. కాబట్టి నేనే ఆమెను రోజూ కారులో దింపి తీసుకురావాలని నిర్ణయించుకున్నాను. మాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు. ముందు సీట్లో కాళ్లు చాపుకోవడానికి వీల్లేదు కనుక ఆమె వెనక ఎడమవైపు, నడుముకు దిండు పెట్టుకుని కూర్చునేది. గుంత వచ్చినప్పుడల్లా బండి కింద ఎక్కడో గడగడమని చప్పుడు. ఆ చప్పుడు పోగొట్టి, బండిని మెత్తగా చేయించాలని రాయచూరు రోడ్డు మీదున్న మెకానిక్ షెడ్డుకు వెళ్లాను.

అక్కడి మెకానిక్‌ను ఊళ్లో అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. యాభై ఏళ్లు పైనే ఉంటాయి. మాటలు తక్కువ. ఆయన షెడ్డులో బాగుకొచ్చిన ప్రతి లారీకీ నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతుండేవి. వాటిని చూసి నేను లోపలికి అడుగు పెట్టకముందే వేడెక్కి ఉన్నాను. ఆయన బండి కిందకు వంగి చూశాడు, టైరును కాలితో రెండుసార్లు తొక్కాడు, లోపలికి వెళ్లి ఒక ఇత్తడి చెంబుతో నీళ్లు, ఒక ఎర్రగుడ్డ తెచ్చాడు. వెనక సీటు మీద గుడ్డ పరిచి, దాని నడుమ చెంబు పెట్టాడు.

నేను ఆగలేకపోయాను. "ఉస్తాద్, ఇవన్నీ నా బండిలో వద్దు. పూజలతో స్ప్రింగులు మెత్తబడవు. నీకు నమ్మకం ఉంటే నీ ఇంట్లో చేసుకో" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? గ్రహాలకూ గేర్లకూ సంబంధం ఏమిటని, చక్రం కింద నిమ్మకాయ పెడితే నలిగేది నిమ్మకాయేనని, పావుగంట చెప్పాను. లారీ డ్రైవర్లు ఇద్దరు టీ తాగుతూ విన్నారు. వాళ్లలో ఒకడు "సార్ మీటింగ్ మంచిగ జెప్తుండు" అన్నాడు. దాన్ని కూడా మెప్పుగానే తీసుకున్నాను.

ఉస్తాద్ చెంబు తీసి నీళ్లు బయట పారబోశాడు. గుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు.

"సరే సార్. ఎన్కాల బుష్షులు పోయినట్టున్నయి. షాకప్సర్ గూడ ఒక దిక్కు పోయినట్టుంది. మజూరీ ఏడు నూర్లు అయితది" అన్నాడు.

బుష్ అంటే ఇనుప కడ్డీల చివర, ఇనుము ఇనుముకు తగలకుండా పెట్టే రబ్బరు ముక్క. దాని ధర నలభై రూపాయలు. షాకప్సర్ అంటే స్ప్రింగు ఊగకుండా పట్టి ఆపే గొట్టం. నలభై రూపాయల రబ్బరు వేయడానికి ఏడు వందలా అని అడిగాను.

"వేసేదానికి కాదు సార్. పాతది ఇనుముల కర్సుకపోయి ఉంటది. దాన్ని తీసేతందుకే ఒక పూట పడ్తది."

నాకు నమ్మకం కలగలేదు. రైల్వే స్టేషనులో కొన్న మోటారు పత్రికలో నేను వేరే సంగతి చదివి ఉన్నాను. గట్టి స్ప్రింగులు, పెద్ద షాకప్సర్లు వేస్తే చిన్న కారు పెద్ద కారులా నడుస్తుందట. అచ్చులో ఉన్నది కదా. కర్నూలు వెళ్లి రెండు స్ప్రింగులు, రెండు షాకప్సర్లు తెచ్చాను. దాదాపు నాలుగు వేలు. కొట్టువాడు చెప్పిన ధర మీద ఒక్క రూపాయి బేరమాడలేదు, డబ్బా మీద ముద్రించి ఉంది కనుక. ఆ సామాను ఉస్తాద్ ముందు పెట్టి, ఇవి మాత్రం వేయి, బుష్షుల జోలికి పోవద్దు అన్నాను.

ఆయన స్ప్రింగును చేతిలో తిప్పి చూశాడు. "గివి లోడు బండ్లకు వేస్తరు సార్."

"నువ్వు వేయి ఉస్తాద్. నేను చదివాను."

ఆయన నట్లు విప్పే పాన అందుకున్నాడు. ఆ పనికి ఐదు వందలు అడిగితే బేరమాడి నాలుగు వందలు ఇచ్చాను. కారు వెనక భాగం రెండంగుళాలు పైకి లేచింది. గడగడ తగ్గినట్టు అనిపించింది. స్టీరింగు పట్టుకున్నవాడికి బండి దిట్టంగా, బాగానే ఉంది. రోజూ సాయంత్రం బడి దగ్గర ఆమె ఎక్కగానే అడిగేవాణ్ణి, ఎట్లుంది అని. "మంచిగుంది" అనేది. ఒకరోజు అద్దంలో చూస్తే రెండు చేతులతో ముందు సీటు వీపు పట్టుకుని కూర్చుని ఉంది. ఏమైంది అంటే, "నీ డ్రైవింగ్ చూస్తున్న, ముంగట చూసి తోలు" అంది.

ఒక నెల గడిచింది. నాగర్‌కర్నూలులో సభకు పిలిచారు. నేను మాట్లాడాల్సిన విషయం శ్రమకు దక్కాల్సిన గౌరవం. దారిలో నోట్సు రాసుకోవాలని బండి నడపమని మా హేతువాద సంఘం మిత్రుడికి తాళాలిచ్చి, వెనక ఎడమవైపు, ఆమె చోట, ఆమె దిండు పక్కకు జరిపి కూర్చున్నాను.

బీచుపల్లి వంతెన దాటేదాకా హైవే కనుక బాగానే ఉంది. వనపర్తి దాటాక మొదటి గుంతకే కలం కాగితం మీద అడ్డంగా గీత గీసింది. రెండో గుంతకు నా తల పైకప్పుకు తగిలింది. చిన్న గులకరాయి ఎక్కినా ఆ దెబ్బ సీటులోంచి వెన్నుపూసకు నేరుగా వస్తోంది, ఎవరో కింద నుంచి సుత్తితో కొడుతున్నట్టు. నా నడుము ఆరోగ్యంగా ఉన్న నడుము. అయినా తెలియకుండానే రెండు చేతులతో ముందు సీటు వీపు పట్టుకున్నాను. పట్టుకున్నాక గుర్తొచ్చింది, అద్దంలో చూసిన ఆ చేతులు.

నోట్సు పెట్టడానికి ముందు సీటు వెనక సంచిలో చెయ్యి పెట్టాను. సగం అయిపోయిన నొప్పి మందు సీసా, దాని పక్కన మడిచిన కాగితం. ఆమె గుండ్రటి అక్షరాలు. ఆరోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయదలచాను, అని ఉంది. సంతకం ఉంది. తేదీ మాత్రం వేయలేదు.

నాగర్‌కర్నూలులో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. చప్పట్లు కొట్టారు. వచ్చేటప్పుడు కూడా వెనకే కూర్చున్నాను. మిత్రుడు ముందుకు రమ్మంటే వద్దన్నాను.

ఇంటికొచ్చి ఆ కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమె పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. తల ఎత్తి చూసి, మళ్లీ దిద్దుకుంటూ, "తేదీ వెయ్యలే గద" అంది.

"ఇంత నొప్పితో మంచిగుందని ఎందుకు చెప్పినవు?"

"నువ్వు కర్నూలు దాంక పోయి తెచ్చినవ్. రోజు అడుగుతుంటివి, మొఖం పిల్లగానోలె పెట్టుకోని. ఎట్ల చెప్పాలె?" ఎర్ర సిరా కలానికి మూత పెట్టింది. "గీ నెల జూద్దామనుకున్న. అయితలేదు. నొప్పి కాలు దాంక దిగుతుంది."

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. ఉస్తాద్ లారీ కింద ఉన్నాడు. బయటికి వచ్చేదాకా నిలబడి, జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను. తర్వాత అడిగాను, "ఆ రోజు మీరు ఆ చెంబు ఎందుకు పెట్టారు?"

"మీరు మీరు అనకుండ్రి సార్. పాన పట్టుకుంటే చెయ్యి వణుకుతది" అని నవ్వాడు. లోపలికి వెళ్లి అదే చెంబు, అదే గుడ్డ తెచ్చాడు. చెంబు లోపల, అంచుకు వేలెడు కింద, గోరుతో గీసినట్టు ఒక గీత ఉంది. సరిగ్గా ఆ గీత దాకా నీళ్లు పోసి సీటు మీద పెట్టి, నన్ను పక్కన కూర్చోమన్నాడు. రైల్వే గేటు దాకా ఒకే వేగంతో నడిపి, వెనక్కి తీసుకొచ్చాడు. నీళ్లు పక్కలకు ఒలకలేదు. ప్రతి గుంతకూ పైకి ఎగిరిపడ్డాయి.

"జూసిండ్రా? స్ప్రింగు గట్టిదైతే నీళ్లు పైకి లేస్తయి. గుంత దాటినంక గూడ ఊగుతనే ఉంటే షాకప్సర్ పోయినట్టు. టప్పున ఒక్కసారి కొట్టి ఆగితే బుష్. గుడ్డ ఏ దిక్కు తడిస్తే ఆ దిక్కు బీమారి. ఎర్రదయితే తడి మంచిగ కనవడ్తదని పెడ్త. మా ఉస్తాద్ నేర్పిండు."

అదే చెంబు, అదే గీత, అదే రోడ్డు, అదే వేగం. ఒకటి మారిస్తే ఏం మారుతుందో చూడటం. ముప్పై ఏళ్లుగా నేను వేదికల మీద పరీక్ష అంటే ఇదీ అని చెప్పింది అక్షరాలా ఇదే. కళ్లెదురుగా జరుగుతుంటే దాన్ని పూజ అనుకున్నాను. చూడకముందే తెలుసుననుకోవడాన్ని మూఢనమ్మకం అంటారు. ఆ రోజు ఆ షెడ్డులో అది ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడగలే గద సార్. చెప్పిండ్రు."

కర్నూలు సామాను తీసేశాడు. తన షెడ్డు మూలన దాచి ఉంచిన నా పాత స్ప్రింగులే మళ్లీ పెట్టాడు. మామూలు షాకప్సర్లు రెండు, బుష్షులు కొత్తవి తెప్పించాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పాత బుష్ ఒకటి బయటికి రావడానికి ఎంత పడుతుందో ఆ రోజు చూశాను. కిరోసిన్ పోసి నానబెట్టాడు, మంట చూపించాడు, గొట్టం ఆనించి సుత్తితో కొట్టాడు, కడ్డీ వంగకుండా తన మోకాలు ఆనించి పట్టాడు. మధ్యాహ్నానికి రెండు వచ్చాయి. అరచేతి చర్మం లేచింది. నలభై రూపాయల రబ్బరు పెట్టడం ఐదు నిమిషాల పని.

సాయంత్రం మజూరీ ఎంత అంటే అదే ఏడు వందలు అన్నాడు. మొన్నటి నాలుగు వందలూ తీసేస్తానన్నాడు. "గది పని కాదు సార్. మీరు చెప్పింది చేసిన." నేను తీసేయనివ్వలేదు. అప్పుడు బేరమాడి తగ్గించిన వంద కూడా కలిపి ఇచ్చాను. ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, చెంబు కడిగి నా చేతికిచ్చాడు. "టీచరమ్మకు ఇయ్యుండ్రి. నా నడుము కన్న ఆమె నడుముకు ఎక్వ తెలుస్తది. రేపు తెచ్చియ్యుండ్రి."

మర్నాడు ఆమె వెనక సీట్లో కూర్చుని, గీత దాకా నీళ్లున్న చెంబును పక్కన పెట్టుకుంది. గుడ్డ మరిచిపోయాను. ఆమె సంచిలోంచి ఆ కాగితం తీసి, విప్పి, చెంబు కింద పరిచింది. "బడి పోరగాండ్లు చూస్తే నేను నీకు పూజ చేస్తున్ననుకుంటరు" అంది. జూరాల డ్యాం మీద గేట్ల పక్కగా నెమ్మదిగా నడిపాను. అద్దంలో చూశాను. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి.

అమరచింత బడి ముందు దిగాక కాగితం ఎత్తి చూపించింది. సంతకం కింద మూడు చుక్కల తడి. ఆమె నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, అది అబద్ధం. చలికాలంలో వచ్చేది, మందు సీసా సంచిలోనే ఉండేది. కాని ఆ మూడేళ్లూ ఆమె ఆ నల్లబల్ల ముందు నిలబడింది. తేదీ వేయాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మీరు. ఈ ఆదివారం మీ తాళాలు వేరేవాళ్ల చేతికివ్వండి. మీ ఇంట్లోవాళ్లు కూర్చునే చోట, వాళ్లు కూర్చునే తీరులోనే కూర్చోండి. పది కిలోమీటర్లు పోనివ్వండి. తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఏం వేయాలో చెప్పకండి, ఏం చూశావని అడగండి. ఆయన మజూరీ చెప్పాక, సామాను ధర చెల్లించినట్టే, నోరు మెదపకుండా చెల్లించండి.