కందకం అవతలి పులి

నాన్న పోయిన పదో రోజున కాకి పిండం ముట్టలేదు. ఏటి ఒడ్డున గంటసేపు ఎదురుచూశాం. పోయినవాళ్ల కోరిక ఏదైనా మిగిలిపోతే కాకి దిగదని, అది తీరుస్తామని పైకి మాట ఇవ్వాలని మావైపు నమ్మకం. బంధువులు తలా ఒక మాట ఇచ్చారు. పొలం అమ్మబోమన్నారు, ఎద్దుల్ని చూసుకుంటామన్నారు. కాకి తుమ్మచెట్టు మీదే ఉంది. చివరికి అమ్మ, "నువ్వు సూస్తానన్న పులిని నేను సూసొస్తాను" అంది. కాకి దిగింది.

భువనేశ్వర్ దగ్గర ఒక జూ ఉందని, అక్కడ జంతువులు అడవిలో ఉన్నట్టే ఉంటాయని, పులికీ మనకీ మధ్య ఊచలుండవని, కందకమేనని నాన్న ఎవరి దగ్గరో విన్నారు. వెళ్దాం వెళ్దాం అంటూనే వెళ్లలేదు.

అది అరవైల చివర. ఏడాది మైల తీరాక అమ్మ, నేను, మా అక్క భర్త కోటబొమ్మాళిలో రైలెక్కాం.

జూలో జింకల దగ్గర, ఏనుగు దగ్గర అమ్మ ఆగలేదు. నేరుగా వెళ్లి కందకం గోడ పట్టుకుని నిలబడింది. అవతల వెదురు పొదలు, చిన్న మడుగు. పులి లేదు. పిల్లలతో వచ్చినవాళ్లు కాసేపు చూసి కోతుల వైపు వెళ్లిపోయారు.

"బోనైతే ఈపాటికి కనబడును" అన్నాడు బావ. "అదిగో, పొదలో ఏదో కదిలినాది. అదే పులి. పద అత్తా."

"ఆకు కదిలితే పులైపోతాదేటి? కావాలంటే నువ్వెల్లు."

"మావ వచ్చి నిన్ను అడుగుతాడేటి?"

"అడగడు. అందుకే."

అమ్మ పుట్టిల్లు ఒడిశా సరిహద్దు పక్కనున్న పాతపట్నం. కాపలాదారుని ఒడియాలో అడిగింది. పొద్దువాలాక నీళ్లకు వస్తుందని అతను చెప్పాడు. మా రైలు అంతకుముందే. బావ వెళ్లిపోయాడు. మేం ఉండిపోయాం. నాకు కాళ్లు లాగుతున్నాయి. నాన్న పోయినప్పటి నుంచి ఏ పని చేసినా అలాగే అలసటగా ఉండేది.

ఎండ తగ్గాక పులి వచ్చింది. నీళ్లు తాగింది. మావైపు చూడకుండానే మళ్లీ పొదలోకి పోయింది.

"సూసినావా అమ్మా?"

"సూసినాను."

కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒరే, ఇంక మీ నాన్నకి సెయ్యాల్సింది ఏటీ మిగల్లేదు కదా" అంది.

"లేదమ్మా."

గోడ పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. మూసే వేళయిందని కాపలాదారు రెండుసార్లు వచ్చి చెప్పాడు. రెండోసారి నేను చెయ్యి పట్టుకుని లేపాను.