పార్వతక్క నింద బాపిన డాక్టరమ్మ

పొద్దున మనవరాలు వంటింట్లో వాము వేయించింది. ఆ ఘాటు వసారాలో కూర్చున్న నా దాకా రాగానే టెక్కలి ఆసుపత్రి గది కళ్ళముందుకొచ్చింది. తెల్లచీర, గుండ్రని కళ్ళద్దాలు, నా చెయ్యి పట్టుకున్న చల్లని వేళ్ళు. ఆ డాక్టరమ్మ, ఎస్తేరమ్మ గారిని ఎరిగినవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. అందుకే ఆవిడ గురించి రాయాలనిపించింది.

మా నాన్న బడిపంతులు. నాకు చదువు చెప్పి, ఉద్దానంలో కొబ్బరితోటలున్న ఇంటికి ఇచ్చారు. ఆ ఇంట్లో నాకు మొదట దగ్గరైంది పార్వతక్క, మా బావగారి భార్య. కొబ్బరాకుతో తడికలు అల్లడం, పొయ్యి ఆరకుండా మంట తగ్గించడం ఆమే నేర్పింది. ఎప్పుడూ పాలిపోయి ఉండేది. కాయల బుట్ట ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేది. ఎవరూ చూడకుండా కుండపెంకు ముక్కలు నమిలేది. కాన్పులో బిడ్డా దక్కలేదు, ఆమే దక్కలేదు. ఒంట్లో రక్తమే లేదని మంత్రసాని చెప్పింది.

మరుసటి వానాకాలం నాకూ అదే మొదలైంది. ముఖం పాలిపోయింది, పాదాలు పొంగాయి, నూతి దగ్గర నుంచి బిందె తేవాలంటే గుండె దడదడలాడేది. ఒకనాడు నా చేతిలో కుండపెంకు చూసి మా అత్త కేకపెట్టింది.

"ఇది పారొతి పనే! దాని బుద్దులన్నీ దీనికొచ్చీసినాయి. తను పోయి ఊరుకోక దీన్నీ లాక్కెళ్ళిపోతంది!"

భూతవైద్యుణ్ణి పిలిపించారు. వేపమండలతో కొట్టాడు, కారం పొగ పెట్టాడు. అవి ఓర్చుకున్నాను. అక్క పేరు పెట్టి తిట్టమన్నాడు, అలా తిడితేనే వదిలిపోతుందట. నా జడ అల్లిన మనిషిని తిట్టడానికి నోరు రాలేదు. తిట్టడం లేదంటే పూర్తిగా దాని వశమైపోయిందని తేల్చారు. పార్వతక్క పేరెత్తితే చాలు, ఇంట్లో అందరూ ఉమ్మేవారు.

సంగతి విని నాన్న వచ్చారు. "వదినగారూ, ఒక్కసారి టెక్కలి డాక్టరమ్మకు చూపిద్దాం. ఆపైన మీ ఇష్టం," అన్నారు.

"సూపించండి పంతులుగారూ. నానూ వత్తాను. ఆయమ్మ ఏటి సెప్తాదో నానూ ఇనాల," అంది అత్త.

పలాసలో రైలెక్కి, నౌపడలో దిగి, అక్కడి చిన్నరైల్లో టెక్కలి చేరాం. ఎస్తేరమ్మ గారు నా కింది కనురెప్ప లాగి చూశారు. వేలికి సూది గుచ్చి, వచ్చిన చుక్కను తెల్లని అద్దుడు కాగితం మీదికి తీసుకున్నారు. లేత ఎరుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగులు వేసిన అట్టముక్క పక్కన పెట్టి పోల్చారు. తరవాత తన వేలికే సూది గుచ్చుకుని ఆ చుక్కనూ పక్కనే అద్దారు. ఆవిడది దానిమ్మ గింజలా ఉంది. నాది బియ్యం కడిగిన నీళ్ళలో కుంకుమ కలిపినట్టుంది.

అత్త నా చుక్కను వేలితో చూపించింది. "సూసినారా అమ్మా! అది దీని రగతం తాగెత్తంది."

"ఎవరు?" అని డాక్టరమ్మ అడిగారు. అత్త పార్వతక్క కథంతా చెప్పింది. ఆవిడ నవ్వలేదు, కసురుకోలేదు. చివరిదాకా విని, "తాగుతున్న మాట నిజమే అయివుండొచ్చు. తాగేది ఎవరో చూద్దాం," అన్నారు.

ఆ తరవాత నావైపు తిరిగారు. "రక్తం పలచబడిందని ఈ కాగితం చెబుతుందమ్మా. ఎందుకు పలచబడిందో చెప్పదు. జ్వరం తినేస్తూ ఉండొచ్చు. నెలనెలా ఎక్కువ పోతూ ఉండొచ్చు. తిండి చాలకపోవచ్చు. ఇంకేదైనా కావచ్చు. వెతకాలి."

ముందు చలిజ్వరం అనుకున్నారు. గాజుపలక మీద నా రక్తం పూసి సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశారు. బయటికొచ్చి, "నేననుకున్నది కాదు. మళ్ళీ మొదలుపెడదాం," అన్నారు, మామూలుగా. తాను పొరబడ్డానని అంత తేలిగ్గా చెప్పిన పెద్దమనిషిని నేను అంతవరకూ చూడలేదు.

ఈసారి నా పాదాలు ఒళ్ళోకి తీసుకున్నారు. నేను సిగ్గుతో వెనక్కి లాక్కోబోయాను, వదల్లేదు. వేళ్ళ సందులు విడదీసి చూస్తూ, "వానాకాలంలో ఇక్కడ దురదపెట్టి పొక్కులొస్తాయా?" అని అడిగారు.

"తోటలో తడినేల మీద తిరిగితే వస్తాయండి."

"మీ అక్కకూ వచ్చేవా?"

"రాత్రంతా గోక్కునేదండి."

"బయటికి ఎక్కడికి వెళతారు?"

"ఆ తోటలోకేనండి. అందరమూ."

ఆవిడ అది కాగితం మీద రాసుకున్నారు. మర్నాడు నా మలం పరీక్షించి, అత్తను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. అందులో కనబడేవి పురుగుల గుడ్లని చెప్పారు. అవి తడినేలలో పడి పిల్లలవుతాయి, ఒట్టికాళ్ళతో నడిచేవాళ్ళ చర్మంలోంచి ఒంట్లోకి దూరతాయి, పేగులకు కరుచుకుని రక్తం పీలుస్తాయి. ఒంట్లో రక్తం తగ్గినవాళ్ళకు మట్టి తినాలనిపించడం కూడా ఉంటుందన్నారు.

రాత్రి విరేచనాల ఉప్పు, పొద్దున వాములోంచి తీసే వాముపువ్వు మందు, మళ్ళీ ఉప్పు. నూనె, నెయ్యి తాకకూడదన్నారు. వాముపువ్వు గొంతు దిగుతుంటే ముక్కూ కళ్ళూ మండిపోయాయి. కడుపులోంచి పడినవాటిని ఆవిడే స్వయంగా కడిగించి, తెల్లపళ్ళెంలో తెచ్చి అత్త ముందుపెట్టారు. కుట్టుదారం ముక్కల్లాంటి సన్నని పురుగులు, కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

అత్త వంగి చూసింది. "పారొతి కడుపులోనూ ఇయ్యే ఉండీవా అమ్మా?" అంది.

"చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. ఉండే ఉంటాయి. మందిస్తే బతికేదేమో."

అత్త గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "దాన్ని ఎన్నేసి మాటలన్నామే! సచ్చిపోనాకా తిట్టకుండా ఒగ్గలేదే నా కోడలు గుంటని!" డాక్టరమ్మ ఆమె పక్కనే నేలమీద కూర్చున్నారు. ఏడుపు ఆగేదాకా లేవలేదు.

ఇంటికొచ్చాక ఇనుము మందు తాగాను. నెలలు గడిచి మళ్ళీ వెళితే నా చుక్క, ఆవిడ చుక్క పక్కపక్కన పెడితే పెద్ద తేడా తెలియలేదు. అత్త పెరటి చివర గొయ్యి తవ్వించి చుట్టూ తడికలు కట్టించింది. చెప్పులతో తోటలోకి అడుగుపెట్టిన మొదటి ఆడది మా ఊళ్ళో ఆమే. జనం నవ్వితే, "నవ్వుకోండి. నా కోడలు పోనాది, మీకేటి తెలుసు?" అనేది.

ఎస్తేరమ్మ గారు తరవాత ఎక్కడికో బదిలీ అయ్యారు. మళ్ళీ చూసే భాగ్యం కలగలేదు. కానీ ఎవరికైనా ఒంట్లో బాగోలేదనో, ఇంట్లో కలిసిరాలేదనో, ఎదుట లేని మనిషి మీద నేరం మోపుతుంటే నేను ఊరుకోలేను. చూశారా, వెతికారా అని అడుగుతాను. ముసలిదానికి నోరెక్కువని అనుకుంటారు. అనుకోనీ.

నాకు ఆడపిల్ల పుట్టినప్పుడు పేరేమిటని పురోహితుడు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అత్త బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. బంధువులందరూ వింటుండగా, ఒకప్పుడు ఆ ఇంట్లో ఎత్తితేనే అందరూ ఉమ్మిన పేరు చెప్పింది.

"పారొతి."