ఆ నలుగురూ ఎవరో చెప్పిన రోజు
మా ఆయన పోయాక చోడవరంలోని మా వడ్లు దంచే పాక నా చేతికి వచ్చింది. అందులో ఆరుగురు ఆడవాళ్లు రోకళ్లతో ధాన్యం దంచేవారు. పందొమ్మిదివందల యాభైల నడిమికి చుట్టుపక్కల బియ్యం మరలు వెలిశాయి. మా పాకకు ధాన్యం బళ్లు రావడం తగ్గిపోయింది. మేమూ ఆయిల్ ఇంజనుతో మర పెట్టాలి, లేదా పాక మూసుకోవాలి. మర పెడితే చెరగడానికి ఇద్దరు చాలు.

"ఇంజను తిరిగిన రోజున సెప్పొదినా. ముందే సెప్తే పని సరిగ్గా సెయ్యరు" అన్నాడు మా మరిది.

నాకు మనసొప్పలేదు. మూడు నెలల ముందే ఒక సాయంత్రం పని అయ్యాక వాళ్లతోపాటు చాప మీద కూర్చుని విషయం చెప్పాను. పని మానుకోవలసిన నలుగురూ ఎవరో మాత్రం చెప్పలేదు. అలా దాచడం దయ అనుకున్నాను.

అందరిలో పెద్దామె మా అత్తగారి కాలం నుంచీ దంచుతున్న మనిషి. "ఎవులమో సెప్పీ అమ్మా. సెప్పకపోతే ఈ మూడు నెల్లూ ఒకల మొకం ఒకలం సూసుకోనేం" అంది.

చంటిపిల్లలున్న ఇద్దరినీ ఉంచుతున్నానని చెప్పాను. మిగతావాళ్ల పేర్లు చెబుతూ పెద్దామె దగ్గరికి వచ్చేసరికి చాప అంచు సర్దడం మొదలుపెట్టాను.

"నానూనా" అని ఆమే అందించింది.

ఆ మూడు నెలలూ తెలిసిన ఇళ్లన్నీ తిరిగాను. ఇద్దరికి చెరకు రైతుల దగ్గర పని దొరికింది. ఒకామెను మాడుగులలో హల్వా చేసే ఇంట్లో గోధుమపాలు తీయడానికి పెట్టుకున్నారు. పెద్దామెను మాత్రం వయసు చూసి అందరూ వద్దన్నారు.

ఇంజను తిరిగిన మర్నాడు ఆమె వచ్చి బియ్యం దోసిట్లోకి తీసుకుని చూసింది.

"నూకెక్కువొస్తంది. ఒడ్లు మరీ ఎండబెట్టేరు."

"ఆ ఎండబెట్టే పని నువ్వే చూడు అప్పా" అన్నాను.

"జాలికి పని పుట్టించకమ్మా."

"జాలి కాదు. నూక నువ్వే చూశావు కదా."

ఆలోచిస్తానంది. మళ్లీ రాలేదు. తమ్ముడి ఊరు వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

నెల తర్వాత బస్సెక్కి అక్కడికి వెళ్లాను. పీట వేసి అన్నం పెట్టింది. ఆమె చెప్పినట్టే ఎండ తగ్గించామనీ, నూక తగ్గిందనీ చెప్పాను. తలూపింది. పనిలోకి రమ్మని మళ్లీ అడిగాను.

"నీ మీద కోపం లేదమ్మా. రోజూ ఆ ఇంజను సప్పుడు ఇననేను" అంది.

లేచి బయల్దేరాను. బస్సు ఆగే చోటుదాకా నాతో నడిచి వచ్చింది. బస్సు కదిలేవరకూ అక్కడే నిలబడింది.