దివిటీ తాతను నేను చావనివ్వలేదు

పుస్తకాన్ని సినిమాగా తీసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా ఆఫీసులో అందరికీ ఈ సంగతి తెలుసు. పొరపాటున ఎవరైనా "ఆ సినిమా బాగుందట మేడం" అన్నారా, ఇక నా చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా వాళ్లను వదలను. పుస్తకంలో ఏముంది, వీళ్లేం చేశారు అని లెక్క తేల్చేదాకా నాకు నిద్ర పట్టదు. మా ఆయన అయితే నాతో సినిమాకు రావడమే మానేశాడు.

చిన్నప్పుడు ఒక బొమ్మల కథ చదివేవాళ్లం. పిల్లల మాసపత్రికలో నెలనెలా నాలుగు పేజీలు వచ్చేది. మాయకొండలు దాటి సొంత ఊరు వెతుక్కుంటూ పోయే కొందరు పిల్లలు, వాళ్లకు దారి చూపే ఒక ముసలాయన. ఆయనకు ఒక కన్ను లేదు. భుజాన అతుకుల కంబళి, చేతిలో దివిటీ. అందరం దివిటీ తాత అనేవాళ్లం. ఆ కథ మీద పిచ్చి ఉన్నవాళ్లమంతా కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పాత సంచికల పేజీలు ఎవరో ఫొటోలు తీసి అందులో పెట్టారు. మొన్నామధ్య ఆ కథను సినిమా తీస్తున్నారని తెలిసింది. ఇంకేముంది, గ్రూపులో ఒకటే లొల్లి.

ట్రైలర్ వచ్చిన రోజు చూడాలి మమ్మల్ని. తాతకు రెండు కళ్లూ ఉన్నాయి! కంబళి పోయి కండలు వచ్చాయి! గ్రూపంతా అగ్గిమీద గుగ్గిలం అయింది. ఒకాయన మధ్యాహ్నం అన్నం సహించలేదని రాశాడు. ఒకావిడ తాతకు డ్యూయెట్ కూడా పెట్టే ఉంటారంది. నేను ఊరుకుంటానా? "రాసినాయన రాశాడు, గీసినాయన గీశాడు. అందులో ఒక్క గీత మార్చడానికి వీళ్లెవరు? కథ మార్చడమంటే చదివినవాళ్లను మోసం చెయ్యడమే" అని బారెడు రాసి పడేశాను. అది ఆ గ్రూపూ ఈ గ్రూపూ తిరిగి చివరికి మా ఆడబిడ్డ ఫోనుకే వచ్చింది. "శెభాష్ అక్కా" అని ఎందరు మెచ్చుకున్నారో.

ఇన్ని నీతులు చెప్పిన నేను ఆ కథను మార్చిన మొట్టమొదటి మనిషిని. సినిమావాళ్ల కంటే ముప్పై ఏళ్లు ముందే మార్చాను. ఆ సంగతి గ్రూపులో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేం లాల్‌దర్వాజా దగ్గర ఒక గల్లీలో ఉండేవాళ్లం. మా తాతల కాలం దాకా గుడి కొలువు, నాన్నను బాపు అనేదాన్ని, ఆయన కాలానికి సర్కారు ఆఫీసు. నేను అయిదో తరగతిలో ఉండగా వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో బాపు పోయాడు. ఆయన ఉద్యోగం అమ్మకు ఇచ్చారు. బడి వదిలాక అమ్మ వచ్చేదాకా నేను పక్కింటావిడ దగ్గర ఉండేదాన్ని. ఆమెను పిన్ని వరసన ఖాలా అనేదాన్ని.

ఖాలా ఇంట్లో కూర్చుని లక్క గాజులకు రాళ్లు పొదిగేది. ఖాలా భర్తను చాచా అనేదాన్ని. ఆయన వాటిని లాడ్ బజార్‌లో దుకాణానికి ఇచ్చి వచ్చేవాడు. బాపు ఉన్నప్పుడు ఆ పత్రిక బాపు తెచ్చేవాడు. ఆయన పోయిన మరుసటి నెల, ఎవరూ అడగకుండానే చాచా గాజులు ఇచ్చి వస్తూ పత్రిక చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత ఏ నెలా తప్పలేదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. కేవలం నా కోసం తెచ్చేవాళ్లు. పత్రికలు వాటంతట అవే వస్తాయనుకున్నాను నేను. ఎంత మొద్దునో!

లక్క వేడి మీద ఉండగానే రాళ్లు అద్దాలి, చల్లారితే అంటవు. అందుకని ఖాలా పని మీదనుంచి తల ఎత్తేది కాదు. చెవులు మాత్రం నాకు ఇచ్చేది. నేను ఒక్కో బొమ్మ కింద ఉన్న మాటలు చదివి, ఆ పుస్తకాల తెలుగు ఆమెకు అందదు కాబట్టి, మళ్లీ మా గల్లీ భాషలో చెప్పేదాన్ని. "అరె, గా పోరనికి చెప్పు, గటు పోవద్దని!" అని గాజు పట్టుకునే అరిచేది. దివిటీ తాత అంటే ఆమెకు ప్రాణం. మషాల్ దాదా అనేది.

ఒక నెల కథలో తాళ్ల వంతెన వచ్చింది. చీకటి, గాలి. పిల్లలు వంతెన దాటుతుంటే తాత ఈ ఒడ్డున దివిటీ పట్టుకుని నిలబడ్డాడు. చివరి బొమ్మలో వంతెన తెగిపోయి ఉంది, ఒడ్డు విరిగిపడింది, దివిటీ నీళ్లలో తేలుతోంది. నేను ఆ బొమ్మ దాకా వచ్చి ఆగిపోయాను.

"తర్వాత?" అంది ఖాలా తల ఎత్తకుండానే.

"తాత గూడ దాటేసిండు ఖాలా. అందరికన్న ఎనుక. గంతే, అయిపోయింది."

"శుకర్ హై," అని దేవుణ్ణి తలుచుకుని ఇంకో గాజు తీసుకుంది. నేను ఆ పత్రికను బల్ల కిందికి తోసేసి ఇంటికి పరుగెత్తాను.

అక్కడినుంచి మొదలయ్యాయి నా తిప్పలు. చచ్చిన మనిషి తర్వాతి నెల బొమ్మల్లో ఎట్లా ఉంటాడు? ఖాలా పని అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి పత్రిక ముందేసుకునేది. "ఏడి మన దాదా? కనవడ్తలేడు?" నీళ్లకు పోయిండు అన్నాను. మరుసటి నెల, డేరాల పండుకున్నడు, దగ్గు అన్నాను. ఆ పైనెల, గీ చెట్టెనుక కంబళి ఉతుక్కుంటున్నడు అన్నాను. బొమ్మలో పిల్లలంతా ఏడుస్తుంటే ఎందుకని అడిగింది. "ఉల్లిగడ్డలు కోసిండ్రు ఖాలా." ఆమె ఊరుకునేది కాదు. దాదా పొద్దున ఏం తిన్నడు, పోరలతోని ఏమన్నడు అని గుచ్చిగుచ్చి అడిగేది. నేను నోటికొచ్చింది చెప్పేదాన్ని. కథ అయిపోయేదాకా, ఏడాదిన్నర పాటు, ఆ ఇంట్లో దివిటీ తాత నిక్షేపంగా బతికాడు. ఖాలా మనసు నొచ్చుకోకూడదనే అట్లా చేశానని ఈ ముప్పై ఏళ్లూ నమ్మాను. లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇప్పుడు నేను చాంద్రాయణగుట్ట అవతల ఉంటున్నాను. ఖాలా అదే గల్లీలో కొడుకు దగ్గర ఉంది. చాచా లేడు. మొన్న నేను పోయేసరికి మనవరాలి ఫోన్లో ట్రైలర్ చూస్తోంది.

"అరె, ఆవో ఆవో! మన మషాల్ దాదా సినిమాల వచ్చిండు! హిందీల గూడ ఉన్నదంట. నన్ను తీస్కపో."

"అంత ఖరాబ్ చేసిండ్రంట ఖాలా. ఎందుకు పో."

"అయితే చూసొచ్చి తిడ్దాం తీ."

ఆ సాయంత్రమే గ్రూపులో మొదటి ఆట చూసినవాళ్లు రాయడం మొదలుపెట్టారు. గుర్రం రంగు మార్చారు, మంత్రగత్తెకు పాట పెట్టారు, అంతా నాశనం. కానీ ఒక్కటి మాత్రం బొమ్మకు బొమ్మ దింపారట, వంతెన. దానికి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలట. ఒక్క గీత మార్చొద్దని ఊరంతా చాటిన నేను, దేవుడా ఆ ఒక్కటీ ఎందుకు చెడగొట్టలేదు వీళ్లు అని తల పట్టుకున్నాను. చాచా పోయిన తర్వాత ఆమె చూడబోయే మొదటి సినిమా అది. ముప్పై ఏళ్లుగా ఆమె మనసులో బతికున్న మనిషి ఆమె కళ్లముందే పోతాడు. పైగా తన ఇంట్లో తిని పెరిగిన పిల్ల తన మొహం మీదే అబద్ధమాడిందని తెలుస్తుంది. ఒక్క అబద్ధం చెప్పిందని సొంత చెల్లెలితో రెండేళ్లు మాట్లాడని మనిషి ఆమె.

ఆదివారం మ్యాట్నీకి పోయాం. వంతెన రాగానే ఖాలా చెయ్యి పట్టుకున్నాను. "బయటికి పోయి చాయ్ తాగుదామా ఖాలా?"

"కూసో."

దివిటీ నీళ్లలో పడింది. నేను భోరుమన్నాను. ముందు వరసలో పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఖాలా తన ఓణీ కొంగుతో నా మొహం తుడిచింది. ఆమె కళ్లలో చుక్క నీరు లేదు.

ఆట అయ్యాక బయట అరుగు మీద కూర్చుని ఆటో కోసం చూస్తున్నాం. ఇంక ఆగలేకపోయాను.

"మాఫ్ చెయ్ ఖాలా. నీకు అబద్ధం చెప్పిన. పుస్తకంల గూడ తాత గక్కడ్నే పోయిండు."

ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "నాకు సదువు రాదు గని కండ్లు గూడ లేవా? బొమ్మల పుస్తకమాయె! నువ్వట్ల పోంగనే బల్ల కిందికెంచి తీసి చూసిన."

ముప్పై ఏళ్లలో ఈ ముక్క నా బుర్రకు తట్టలేదు. "మరి నెలనెల ఏడున్నడు, ఏడున్నడు అని ఎందుకడిగినవ్?"

"నువ్వు మాట్లాడ్తవని. మీ బాపు పోయినంక నువ్వు ఏడ్వలే. ఆయన ముచ్చట తీస్తే లేచి పోతుంటివి. మీ అమ్మ నా కాడ కూసోని గదే ఫికర్ పడేది. దాదా ముచ్చట అడిగితే మాత్రం గంటసేపు చెప్తుంటివి. చెవుల పెన్ను పెట్టుకోని మర్చిపోయి ఇల్లంత దేవులాడ్తడని. సంత్రపండు తొక్క తెగకుండ ఒల్చి పాము అని నిన్ను బెదిరిస్తడని. పొద్దుగాల పుక్కిలిస్తే గల్లీ అంత ఇనవడ్తదని. దివిటీ పట్టేటోనికి పెన్నెందుకే పిచ్చిపిల్లా? గోడకు గోడ ఇల్లు మాది. గా పుక్కిలించుడు రోజు ఇన్నోళ్లం, ఎవరో ఎరుక లేదా?"

వేడి లక్క ముందు చెమటలు కక్కుతూ, నెలకొక పత్రిక తెప్పించి, చచ్చిపోయాడని తెలిసిన ముసలాయన క్షేమం అడుగుతూ కూర్చుంది ఈ మనిషి. నేను ఆమెను కాపాడాననుకున్నాను! ఇంత ప్రేమకు నేనేం చేశానని? ఆమె చేతులు కళ్లకు అద్దుకున్నాను.

"చాల్లే గని," అంది. "గా బాజాల సప్పుడుకు దాదా ఆఖరికి ఏమన్నడో సమజ్ గాలే. పుస్తకంల ఏం రాసున్నది? నువ్వు చదివియ్యనే లేదాయె."

గ్రూపులో ఆ పేజీ ఉంది. ఫోన్ తీసి చదివాను. "పిల్లలూ, వెనక్కి చూడకండి. వెలుతురు నేను పట్టుకుంటాను. మీరు నడవండి." తర్వాత అలవాటుగా మా భాషలో చెప్పాను. "ఎనుకకు మర్రి సూడొద్దన్నడు ఖాలా. ఎలుగు నేను పట్టుకుంట, మీరు నడువుండ్రి అన్నడు. పోరలంత దాటిండ్రు. గప్పుడు..."

"గప్పుడు?"

తాత అనబోయాను. "బాపు పోయిండు ఖాలా," అన్నాను.

ఆ మాట అంతవరకు నా నోటితో ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా.

"హౌ బేటా," అంది ఖాలా. "పోయిండు. మస్తు మంచోడు."

మా ముందు ఆటో వచ్చి ఆగింది. ఖాలా చెయ్యి ఊపి దాన్ని పొమ్మంది.